తృతీయ కూష్మాండ సంగ్రామం

ఏ దిక్కు నుంచి వీచినా మనిషిని తుమ్మించనిదే గాలి ముందుకు సాగని మాఘమాసంలో, నల్లరేగడి నేల నెర్రెలు విచ్చి నీళ్ళెక్కడని ఆకాశాన్ని నిలదీస్తున్న వేళ, తూర్పున కల్లాల నిండా పరచిన రక్తవర్ణ మిరపరాశులు సమరానంతర రణభూమిని తలపిస్తుంటే, పడమట చేలల్లో చివరి తీతకు మిగిలిన దూదిపింజలు సంధి కోరే శ్వేతపతాకాల వలె రెపరెపలాడుతుంటే, పర్చూరుకు ఆరు కిలోమీటర్ల దూరాన, ఆర్టీసీ బస్సు ఆగవలసిన చోట ఆగక తనకు తోచిన చోట ఆగే ఒకానొక గ్రామంలో, ఒక డాబా ఇంటి వెనక, ఎరువుదిబ్బ పక్కన, ఒక గుమ్మడికాయ పండుతోంది.

గాథారంభంలో దేవతలను స్తుతించడం మర్యాదే. అయితే ఈ గాథానాయకుడికి దేవతల విషయంలో కొన్ని సందేహాలున్నాయి. దేవతలకు గుమ్మడికాయల విషయంలో ఆసక్తి ఉన్నట్టు ఆధారాలు లేవు. కాబట్టి కాయను నిలబెట్టడానికైనా కుళ్ళబెట్టడానికైనా నిజంగా శక్తి గలిగిన వేడిమికీ, తేమకూ, గాలికీ ఒక్కొక్క నమస్కారం చేసి కథలోకి వెళ్ళడం న్యాయం.

ముప్పైమూడేళ్ళు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రాలను బోధించిన ధురంధరుడు, విసిరిన సుద్దముక్కను చివరి బెంచీ నిద్రాముద్రితుని నుదుటి నడిమధ్యన తాకించగల లక్ష్యవేధి, సూర్యగ్రహణ సమయాన స్కూలు మైదానంలో నిలబడి పులిహోర ఆరగించిన అకుతోభయుడు, ఎకరన్నర మిరపతోటకూ మోకాళ్ళ నొప్పులకూ ఏకైక అధిపతి అయిన వెంకటనారాయణ మాస్టారు ఆ పాదుకు సేనాని. పదకొండు కిలోల స్థూలదేహంతో, పన్నెండు నొక్కుల నడుముతో, గజకుంభం వలె నేలనంటి కూర్చున్న ఆ కూష్మాండరాజు ఆయన చివరి ఆశ.

చివరిదని ఎందుకనాలంటే, అంతకుముందు రెండు మహాపరాజయాలు జరిగాయి.

మొదటి పరాజయం అగ్ని వల్ల. ముందటేడు, కాయ మీద రంగు తిరగగానే మాస్టారు దాన్ని కోసేశారు. ప్రకాశం జిల్లా గాలి పీల్చినవాడికి నిల్వ అనగానే పొగాకే గుర్తుకొస్తుంది. ఆకును బ్యారన్‌లో వేడికి ఆరబెడితే ఏళ్ళు నిలుస్తుంది కదా, కాయ ఎందుకు నిలవదని ఆయన తర్కించారు. పక్కింటివారి పొగాకు బ్యారన్ డెబ్బై డిగ్రీల దగ్గర భగభగమంటుండగా కాయను లోపలికి పంపారు. ఐదో రోజున తలుపు తెరిచారు. కాయగా ప్రవేశించినది హల్వాగా నిష్క్రమించింది. ఆ ఏడు పక్కింటివారి పొగాకు తీయగా వాసన వేసిందని కొనుగోలుదారులు ముక్కు చిట్లించారు. ఆ పక్కింటివారు నేటికీ మాస్టారితో మాట్లాడరు.

రెండో పరాజయం మంచు వల్ల. గుంటూరు గాలి పీల్చినవాడికి నిల్వ అనగానే మిరపబస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీ గుర్తుకొస్తుంది. జనం దాన్ని ముద్దుగా ఏసీ అంటారు. మాస్టారి బావమరిది శ్రీకృష్ణ బ్రాడీపేటలో ఉంటూ అలాంటి ఒక ఏసీలో సూపర్‌వైజరుగా పనిచేస్తాడు. నిరుడు అతని సలహా మీద, రంగు తిరగగానే కోసిన కాయ రెండు నెలలు మిరపబస్తాల మధ్య చలిలో తపస్సు చేసింది. నిగనిగలాడుతూ తిరిగొచ్చి అటకెక్కింది. నాలుగో రోజున ఒంటి నిండా గుంటలు పడ్డాయి. ఏడో రోజు మధ్యాహ్నం, అన్నం తిని అటక కింద నడుం వాల్చిన మాస్టారి నుదుటి మీద ఒక చుక్క రాలింది. వాన కాబోలని ఆయన మురిశారు. ఆ చుక్క వెనక కాయ యావత్తూ దిగివచ్చింది.

పక్క గుడ్డలు ఉతుకుతూ ఆయన భార్య హనుమాయమ్మ గారు ఆ రోజే తీర్పు చెప్పారు.

"చూడండీ. పెరుగు తోడుకోకపోతే శాస్త్రీయంగా చూస్తే అంటారు. కరెంటు పోతే శాస్త్రీయంగా చూస్తే అంటారు. మా అక్క కూతురికి సంబంధం కుదిరితే కూడా శాస్త్రీయంగా చూస్తే అన్నారు. విన్నాను. నలభై ఏళ్ళు విన్నాను. వచ్చే ఏడు కాయ మృగశిర దాకా నిలిస్తే మీ ఇష్టం వచ్చినట్టు అనుకోండి. మూడోది కూడా కుళ్ళిందంటే మాత్రం ఆ మాట ఇక ఈ ఇంట్లో నాకు వినపడకూడదు."

రాజ్యం పోయినా రాజు బతకగలడు. ఆ రెండు మాటలు పోతే వెంకటనారాయణ మాస్టారు నోరు తెరవలేరు. తెరిచినా చెప్పడానికి ఏమీ ఉండదు.

పరాజితుడైన సేనాని శత్రువును తిడతాడు. మాస్టారు మాత్రం శవపరీక్ష చేశారు. కుళ్ళిన కాయలోంచి గింజలు ఏరి చూస్తే అన్నీ కాగితాల్లా పల్చగా, లోపల పప్పు లేకుండా ఉన్నాయి. నిప్పూ మంచూ చేసిన పాపం నిజమే గానీ, అసలు నేరం అంతకుముందే జరిగిపోయిందని ఆయనకు బోధపడింది. రెండేళ్ళూ లేత కాయను కోశారు. మిరప దేశపు బుద్ధి అది: ఎర్రబడితే కోతకొచ్చినట్టే. గుమ్మడికాయ రంగు ముందు తిరుగుతుంది, పక్వం తరవాత వస్తుంది. తోలు గోటికి లొంగని చర్మకవచం కావాలి. నిగనిగ పోయి మెరుపు మాయాలి. అన్నిటికీ మించి తొడిమ పచ్చదనం వదిలి, ఎండి, కొయ్యబారాలి. అందాకా తీగ కాయకు పాలిస్తూనే ఉంటుంది. అందాకా కత్తి తాకరాదు.

ఇదీ ఆయన ప్రతిజ్ఞ. వచ్చిపడిన కష్టమల్లా, ఊరంతటికీ కత్తి దురద పుట్టడం.

"ఎర్రబడింది గదండీ, కోసెయ్యండి," అన్నారు హనుమాయమ్మ గారు మాఘం మొదట్లోనే.

"తొడిమ పచ్చిగా ఉంది, హనుమా."

"తొడిమ కూర చేస్తామా ఏంటి?"

తరవాతి ఆదివారం శ్రీకృష్ణ మోటారుసైకిలు మీద దిగాడు. హెల్మెట్ తీయకుండానే పెరట్లోకి నడిచి, కాయ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏం బావా, నీ శిష్యుడింకా స్కూలు వదల్లేదా?"

"టీసీ ఇవ్వలేదురా."

"పాసయ్యాడా లేదా నేను చెప్తా చూడు," అంటూ మాస్టారు ఆపేలోగా బొటనవేలి గోరు కాయ పొట్టలో దింపాడు. గోరు దిగింది. అర్ధచంద్రాకార గాయం నుంచి పసుపుపచ్చని జిగురు బిందువు ఉబికి వచ్చింది.

"చూశావా," అన్నారు మాస్టారు గంభీరంగా. "పక్వానికొస్తే గోరు దిగదు."

"దిగకపోతే ముక్కలెట్లా కోస్తారు బావా? నా మాట విని ఇవాళే కోసివ్వు. ఈసారి ఏసీలో కింద గదిలో కాదు, పై గదిలో పెట్టిస్తా."

"ఒరేయ్ కృష్ణా," అన్నారు వంటింట్లోంచి హనుమాయమ్మ గారు, "ఏసీ ఊసెత్తావంటే నీకు చారన్నమే. చేపల పులుసు మీ బావొక్కరే తింటారు."

శ్రీకృష్ణ ఆ పూట మళ్ళీ ఏసీ ఊసెత్తలేదు. కాని గోటి పరీక్ష అనే ఆయుధరహస్యం బయటికి పొక్కింది. మరుసటి దినం మిరపకాయలు ఏరడానికి వచ్చిన కూలీల ముఠా, తమ మేస్త్రి రహమతున్నీసా సారథ్యంలో నీళ్ళు తాగడానికి పెరట్లోకి వచ్చి, ఒక్కొక్కరూ ఒక్కొక్క గోటితో మాస్టారి శాస్త్రాన్ని పరీక్షించి వెళ్ళారు. సాయంకాలానికి కూష్మాండ వక్షస్థలం మీద ఇరవైమూడు నెలవంకలు ఉదయించాయి.

"అభాగ్యులారా, అభిమానంతో చంపుతున్నారు కదా," అని మాస్టారు వాపోయారు. "ఒక్కొక్క గాటూ కుళ్ళుకు ఒక్కొక్క సింహద్వారం. ఇరవైమూడు ద్వారాల కోటను నేనొక్కణ్ణి ఎట్లా కాచుకోను?"

హనుమాయమ్మ గారు కళ్ళజోడు పెట్టుకుని వంగి లెక్కపెట్టారు. "ఇందులో పదకొండు పాతవండీ. గాట్లు మానిపోయి బెరడు కూడా కట్టినయ్. ఇవి మీ గోళ్ళేగా?"

మాస్టారు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ప్రతి ఉదయం ఆయన చేసిన పరిశోధనల ఫలితాలవి. ఆనాటి నుంచి ఆయన గోటిని విసర్జించి కంటినే నమ్మారు. పాత లుంగీని నాలుగు మడతలు వేసి కాయకు కవచంగా కప్పి, తీగ మీద చేయి వేసి, అశ్వాన్ని నిమిరే ఆశ్వికుని వలె పలికారు:

"ఓ స్థూలోదరా, పంచదశవార పరిపోషితా! నీ పూర్వులిద్దరూ నా తొందరపాటుకు బలయ్యారు. నిన్ను మాత్రం తొందరపెట్టను. ఈ తీగ ఇచ్చే చివరి చుక్క వరకూ తాగు. నీ చర్మం కంచుడాలు కానీ. నీ గింజలు నిండనీ. నీ తొడిమ దారుదండమై పోయిన నాడే కత్తి పట్టుకుని నీ ఎదుటికి వస్తాను. నా పరువు, నా ముప్పైమూడేళ్ళ బోధన, ఈ ఇంట్లో నా వాక్‌స్వాతంత్ర్యం సమస్తం నీ పొట్టలో ఉన్నాయి."

"ఎవరితో అండీ?" అన్నారు బట్టలు తీయడానికి వచ్చిన హనుమాయమ్మ గారు.

"ఎవరూ లేరు."

"సరే, ఆ ఎవరూ లేనాయన మీద కప్పిన లుంగీ ఇటివ్వండి. అది గిన్నెలు దించుకునే గుడ్డ."

అంతలో, కల్లాల్లో కాయలు సగం ఎండి ఉన్న సమయాన, బంగాళాఖాతం వైపు నుంచి సైన్యాలు బయలుదేరాయి. నీలమేఘాలు గజఘటల వలె వరుస కట్టాయి. ఊళ్ళో ఫోన్లన్నీ ఒకే వార్త మోగించాయి. మిరప రైతుకు మాఘమాసపు వాన పిడుగుతో సమానం. ఆడామగా టార్పాలిన్ పట్టాలు లాక్కుంటూ కల్లాలకు పరుగెత్తారు. మాస్టారు కూడా మోకాళ్ళను తిట్టుకుంటూ పరుగెత్తి, రహమతున్నీసా ఒక కొస, తాను ఒక కొస పట్టుకుని తమ రాశి మీద పట్టా కప్పి, నాలుగు వైపులా ఇటుకలు పెట్టారు. అది ముగిసిన మరుక్షణం పెరట్లోకి వచ్చారు. హనుమాయమ్మ గారు కొడవలితో నిలబడి ఉన్నారు.

"ఇంక నా మాట వినండి. వాన పడితే కింద నేల నానిద్ది, కాయ కుళ్ళిద్ది. అప్పుడు తొడిమను చూసుకుంటూ కూర్చుంటారా?"

మాస్టారు వంగి చూశారు. తొడిమ మూడు వంతులు ఎండింది. నాలుగో వంతున, కింది పక్క, చూపుడు వేలంత మేర పచ్చటి చార ఇంకా ఉంది. ఆమె చెప్పినదాంట్లో తప్పు లేదు. నానిన నేల కాయకు శత్రువే. కాని లేత కోత కూడా శత్రువే. దాని చేతిలో రెండుసార్లు ఓడింది తానే. రెండుసార్లూ ఇంతే నమ్మకంగా ఉన్నాడు కదా తాను, ఈసారి నమ్మకానికి విలువెంత? ఎనిమిది క్షణాల పాటు ఆ మేధావి మెదడులో ఉభయసేనలూ ఢీకొన్నాయి. మొదటి చినుకు ఆయన బట్టతల మీద పడింది.

"కొయ్యను," అన్నారు.

"మాట తప్పనండీ నేను. కుళ్ళితే కుళ్ళిందే."

"తెలుసు, హనుమా. వసారాకు కప్పగా పెంకులు రెండు మిగిలినయ్, ఎక్కడున్నయ్?"

కాయను అంగుళం కూడా మెలితిప్పకుండా పైకెత్తి, కింద రెండు పెంకులు, వాటి మీద ఎండుగడ్డి దట్టంగా దోపి, తీగ చుట్టూ నీళ్ళు పోవడానికి బోదె తీసి, చివరికి గొడుగు విప్పి కాయ మీద పట్టుకుని మాస్టారు వానలో కూర్చున్నారు. కల్లం నుంచి తిరిగొస్తూ రహమతున్నీసా ఆ దృశ్యం చూసి ఆగింది. తల మీద ఎరువుల సంచి కప్పుకుని ఉంది.

"మాస్టారూ, గొడుగు మీరు వేసుకోండి. కాయకి జలుబు చెయ్యదు."

"తొడిమ తడవకూడదు రహమతమ్మా."

ఆమె వంగి తొడిమను చూసింది. "అదయితే నిజమే. తడిసిన తొడిమ నల్లబడి బూజు పట్టిద్ది. మిరపక్కూడా అంతే." సంచి సర్దుకుంది. "కానీ మాస్టారూ, గొడుగుని కర్రకి కడితే మీరు లోపలికి పోవచ్చు గదా."

ఆ ఉపాయం ఆయనకు తట్టలేదు. తట్టినా ఒప్పుకునే స్థితి దాటిపోయింది. మహామేఘసైన్యాలు పద్నాలుగు నిమిషాల పాటు చిటపటలాడి, దుమ్మును బురద కూడా చేయలేక, చీరాల వైపు వెనుదిరిగాయి. కాయ పొడిగా ఉంది. మాస్టారు మూడు రోజులు తుమ్మారు. మిరప ఘాటు వల్లనని ఇంట్లో చెప్పారు.

తరవాత ఆరు రోజులు ఎండ నిప్పులు చెరిగింది. ఏడో నాడు పచ్చటి చార లేదు. తొడిమ గోధుమరంగు దారుదండమైంది, నిలువునా సన్నని పగుళ్ళు విచ్చాయి. గోటిని ఆఖరుసారి, మునుపు గాయపడని చోట, సవినయంగా మోపారు. గోరు వంగింది. కాయ వంగలేదు.

"ఇవాళా? మాఘ అమావాస్య బావా," అన్నాడు తమాషా చూడ్డానికి వచ్చిన శ్రీకృష్ణ.

"తొడిమలో అమావాస్య లేదురా, చూసుకో."

మంచు ఆరి, ఎండ ముదరని తొమ్మిది గంటలకు, వీరుడు కత్తి ఎత్తాడు. తొడిమను కాయకు నాలుగు వేళ్ళ ఎడంగా, తీగ వైపున, ఒక్క వేటుకు తెగనరికాడు. మొండి తొడిమ గల కాయలోకి కుళ్ళుకు దారి ఉండదు. తొడిమ ఊడిన కాయ నెత్తిన తలుపు తెరిచినట్టే. ఈ సంగతి మాస్టారికి తెలుసు. పదకొండు కిలోలు ఎత్తడం మాత్రం ఆయన నడుముకు తెలియదు. కాబట్టి కాయను కల్లానికి చేర్చే భారం రహమతున్నీసాకు అప్పగించారు.

విధి ఆ చేతుల్లో పొంచి ఉంది. మిరపకాయకు తొడిమ తీయడం ఆ చేతుల ముప్పైయేళ్ళ వృత్తి. రోజుకొక బస్తా. కబుర్లు చెబుతున్నా, కునికిపాట్లు పడుతున్నా, ఎడమ చేయి కాయను పట్టడమేమిటి, కుడి బొటనవేలు తొడిమ మొదట్లోకి పోవడమేమిటి, విరుపుకు తొడిమ రాలడమేమిటి. రహమతున్నీసా కూష్మాండరాజును ఎత్తి ఎడమ చంకన పెట్టుకుని, శ్రీకృష్ణతో మిరప ధర ఎంత పలుకుతోందని మాట్లాడుతూ నడిచింది. ఆమె ఎరుగకుండానే కుడిచేయి లేచింది. నాలుగు వేళ్ళు తొడిమను చుట్టాయి. బొటనవేలు మొదట్లో ఆనింది. మణికట్టు వెనక్కి వాలింది. ఎండిన తొడిమ కిర్రుమన్నది.

నాలుగు నెలల నిరీక్షణ, ఇరవైమూడు గాయాలు, ఒక వాన, మూడు రోజుల తుమ్ములు ఆ కిర్రులో వేలాడాయి. మాస్టారి చేయి జేబులోకి పోయింది. ముప్పైమూడేళ్ళ అభ్యాసం మేల్కొంది. చేతికి తగిలిన కుంకుడుగింజ గాలిలో దూసుకుపోయి రహమతున్నీసా మణికట్టు మీద ఠకీమని తగిలింది.

ఆమె ఆగింది. చేతిని చూసుకుంది. కాయను చూసుకుంది.

"అయ్యయ్యో, చెయ్యి దానంతటదే పోయింది మాస్టారూ. చెప్తే ఆపేదాన్ని గదా."

"మాట రాలేదమ్మా. తగిలిందా?"

"మా తమ్ముడు మీ క్లాసులో చదివాడు మాస్టారూ. ఇంట్లో చెప్పేవాడు, నేనే నమ్మలేదు," అని ఆమె మణికట్టు రుద్దుకుని, ఈసారి రెండు చేతులూ కాయ కిందికి పోనిచ్చి, పసిబిడ్డను మోసినట్టు మోసుకెళ్ళింది.

పది రోజులు కూష్మాండరాజు మిరపరాశుల సరసన ఎండకాగాడు. రోజుకొకసారి పక్క తిప్పించుకున్నాడు. నెలవంకల మీద బెరడు కట్టింది. పిమ్మట ఏ బ్యారనూ ఏ ఏసీ లేకుండా, గాలి ఆడే వసారా అటక మీద, గోడకు తగలకుండా, గడ్డి చుట్టకుదురు మీద ఆసీనుడయ్యాడు. ఫాల్గుణం వెళ్ళింది. చైత్రం వెళ్ళింది. రోహిణి కార్తెలో రోడ్డు మీది తారు చెప్పులకు అంటుకుంది. రోజూ ఉదయం మాస్టారు నిచ్చెనెక్కి వాసన చూసి దిగేవారు. ఒక మధ్యాహ్నం ముందుగా మెలకువ వచ్చి చూస్తే, నిచ్చెన మీద హనుమాయమ్మ గారున్నారు. కాయను కాస్త తిప్పి, కింది పక్క వేలితో నొక్కి చూసి, చప్పుడు చేయకుండా దిగుతున్నారు. మాస్టారు మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

మృగశిర ప్రవేశించిన రోజున కాయ దిగింది. సాక్ష్యానికి శ్రీకృష్ణ వచ్చాడు. హనుమాయమ్మ గారు కత్తిని భర్త చేతికిచ్చారు.

"మొదటి దెబ్బ మీరు వెయ్యండి."

"మగవాళ్ళే మొదట కొట్టాలన్నది మూఢాచారం, హనుమా. నువ్వే కొయ్యి."

"ఆచారం కాదండీ. నేను కొట్టి చూశా. దిగట్లా."

మాస్టారు కొట్టారు, దిగలేదు. శ్రీకృష్ణ కొట్టాడు, దిగలేదు. ముగ్గురూ కలిసి రోకలితో కత్తి వెనక మోదితే దుర్గద్వారం ఫెళ్ళున తెరుచుకుంది. లోపల సంధ్యాకాశం. గింజలు ఒక్కొక్కటీ పొట్ట నిండి, జారుతూ, బలంగా ఉన్నాయి. కుళ్ళు ఎక్కడా లేదు.

బెల్లం వేసిన పులుసు ముద్దపప్పుతో కలిపి తింటూ శ్రీకృష్ణ మూడోసారి గిన్నె వైపు చూశాడు.

"పర్లేదు బావా. ఏసీ కాయకంటే కొంచెం నయం."

హనుమాయమ్మ గారు గరిట పట్టుకుని భర్త ముఖంలోకి చూశారు. నాలుగు నెలలుగా దాచుకున్న జయఘోషకు వేళైందని ఆమెకూ తెలుసు. మాస్టారు మంచినీళ్ళు తాగారు. గొంతు సవరించుకున్నారు. గెలిచినవాడి నోటికి నిజం అడ్డు వచ్చింది.

"శాస్త్రీయంగా చూస్తే, హనుమా, ఒక్క కాయ నిలిచినంత మాత్రాన నా వాదం రుజువైనట్టు కాదు. యాదృచ్ఛికం కూడా కావచ్చు."

ఆమె గరిట గాలిలోనే ఉండిపోయింది. బావమరిది తల వంచుకుని అన్నం కెలికాడు.

"అది కూడా మీరే చెప్పాలా," అన్నారు హనుమాయమ్మ గారు. ఆయన వద్దంటున్నా ఇంకో గరిటెడు పులుసు వడ్డించారు. "తినండి ముందు. ఉన్న సగం కాయ రేపటికి నిలవదు, ఊరంతా పంచాలి."

ఆ విధంగా, చతుర్మాస ఘోరసంగ్రామానంతరం, అగ్నికీ మంచుకూ చిక్కక, వానకూ, ఇరవైమూడు గోళ్ళకూ, ఒక బొటనవేలికీ లొంగక, కృష్ణమృత్తికా సీమలో, పర్చూరుకు ఆరు కిలోమీటర్ల దూరాన, కోయవలసిన రోజున కోసిన ఒక గుమ్మడికాయ కుళ్ళలేదు. ఆచంద్రతారార్కం కాకపోయినా, భోజనం ముగిసేదాకా, ఆ విజయాన్ని ఎవరూ కాదనలేదు.